ఎరువుల నెవిల్

నెవిల్ పాస్కోకి ఈ భూమ్మీద తనదంటూ ఒక్క వస్తువు కూడా లేదని మా రోడ్డులో అందరికీ గట్టి నమ్మకం. నెత్తి మీది టోపీ మాత్రం ఆయనదే అయ్యుండాలి, అలాంటి టోపీని ఇంకొకరు దాచుకోరు కాబట్టి. మిగతావన్నీ అడిగి తెచ్చుకున్నవే. పార ఒకరిది, నిచ్చెన ఒకరిది, తాడు ఒకరిది. ఆ తాడుతో కట్టేసిన మేక ఇంకొకరిదని తర్వాత తెలిసింది.

మేముండేది టల్లీ ఊరు దాటాక, చెరకు తోటల చివర, కొండకి ఆనుకుని పోయే మట్టిరోడ్డు మీద. ఇక్కడ ఇల్లంటే చుట్టూ అయిదెకరాలు, పక్కిల్లంటే కేకేసినా వినపడనంత దూరం. పొద్దున్నే అంత దూరమూ నడిచొచ్చి, గేటు దగ్గర నిలబడి, టోపీ తీసి, ముందు ఆకాశం వంక చూసేవాడు నెవిల్. మా దగ్గర ఆకాశం చూసి తెలుసుకోవాల్సింది ఏమీ ఉండదు. ఎప్పుడు చూసినా వాన వస్తూనో, వచ్చి వెళ్తూనో ఉంటుంది. ఆ చూడడం అయ్యాక, "అన్నా, ఒక చిన్న సంగతి," అనేవాడు. ఇక మా ఇంట్లోంచి ఒక వస్తువు బయల్దేరినట్టే.

నన్ను పట్టుకుని అన్నా అనడమేమిటని మీకు అనుమానం రావచ్చు. నా పేరు అన్నపూర్ణ. ఈ దేశంలో మనిషిని పూర్తి పేరుతో పిలిస్తే పరాయివాళ్ళని చూసినట్టు లెక్క. అందుకని సగానికి విరిచి, మిగిలిన ముక్కతో పిలుస్తారు. ఆ విరవడంలో పూర్ణ పోయి అన్న మిగిలింది. రేపల్లెలో నన్ను అక్కా అన్నవాళ్ళున్నారు, వదినా అన్నవాళ్ళున్నారు. చీర కట్టుకున్న మనిషిని ఊరు ఊరంతా అన్నా అనడం మాత్రం టల్లీలోనే చూశాను. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. వచ్చి పాతికేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు అన్నగారి పెత్తనం కూడా బాగానే అలవాటైంది.

నెవిల్ చెరకు మిల్లు వాళ్ళ చిన్న రైలు నడిపి రిటైరైన మనిషి. డెబ్బై దాటాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒకసారి అడిగితే, అదొక్కటే ఎవరినీ అడిగి తెచ్చుకోలేకపోయానన్నాడు.

వస్తువు పట్టుకెళ్తే తిరిగి ఇవ్వడని కాదు. ఇస్తాడు. ఇచ్చింది ఇచ్చినట్టు ఇవ్వడు, అదీ నా కోపం. మా నిచ్చెనకి ఒక మెట్టు విరిగి ఉండేది. దాన్ని దాటి పై మెట్టు మీద కాలు వెయ్యడం నాకు చెయ్యి తిరిగిన పని. నెవిల్ దగ్గర్నించి తిరిగొచ్చాక అక్కడ కొత్త మెట్టుంది. నా అలవాటు కొద్దీ దాటబోయి, కాలు తగిలి కిందపడ్డాను. గడ్డికోసే మిషను ఎప్పుడూ దగ్గి దగ్గి, బతిమాలించుకుని నడిచేది. తిరిగొచ్చాక తాడు లాగీ లాగగానే లేచి, నేను పట్టుకునేలోపు నా కనకాంబరాల మీదికి పోయింది. కుక్కరుకి రబ్బరు వదులై ఆవిరంతా పక్కనించి పోతూండేది. దానికి తగ్గట్టు నేను నాలుగు కూతలు ఎక్కువ రానిచ్చేదాన్ని. అది నెవిల్ ఇంటికెళ్ళి వచ్చిన రోజున మా కందిపప్పు అంబలైంది.

"అంత బాధైతే ఇవ్వకపోతే పోలా?" అన్నారు మా ఆయన, ఆ అంబలి తాగుతూ.

"ఎలా ఇవ్వనండీ? ఆకాశం వంక చూస్తాడు," అన్నాను.

ఒకరోజు బకెట్టు కోసం వచ్చాడు. కోళ్ళ గూట్లో పెంట ఎత్తి తోటకి మోసుకెళ్ళాలిట, బకెట్టు లేదుట. నాకు ఒళ్ళు మండింది. "మా భాషలో నీ కోసం ఒక మాట ఉంది నెవిల్. వాడుకుని ఇచ్చేస్తానని తెచ్చుకునేదాన్ని ఎరువంటాం. నువ్వు మొత్తం ఎరువుల మనిషివి," అన్నాను.

ఆయన ఆ మాటని నోట్లో వేసుకుని కాసేపు చప్పరించాడు. "యెరూవూ. బాగుంది. మరి ఈ బకెట్లో మోసుకెళ్ళే కోళ్ళ పెంటనేమంటారు?"

"దాన్నీ ఎరువే అంటాం."

"రెండూ ఒకటేనా?"

"మాట ఒకటే. అర్థాలు వేరు."

"వేరని ఎవరన్నారు?" అన్నాడు. అంటూనే బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. బకెట్టైతే తిరిగొచ్చింది గానీ, ఆ మాట మాత్రం ఇప్పటిదాకా తిరిగి ఇవ్వలేదు. ఆ రోజు నించీ గేటు దగ్గర నిలబడి, "అన్నా, ఒక చిన్న ఎరువు," అనడమే.

ఇలా ఉండగా మాకూ నెవిల్‌కీ మధ్యనున్న అయిదెకరాల్లోకి కొరలీ వచ్చింది. మౌంట్ ఐజాలో, చినుకు పడితే జనం బయటికొచ్చి చూసే ఎండ దేశంలో, బడి వంటింట్లో ఏళ్ళ తరబడి వంట చేసిన మనిషి. మొగుడు వదిలేసి పోయాక రెండేళ్ళు అక్క ఇంటి వెనక గదిలో ఉంది. అక్క చెడ్డది కాదుట. పెట్టిన ప్రతి ముద్దనీ గుర్తుచేసే రకంట. ఆ గదిలోంచి బయటపడడానికి ఉన్నదంతా ఊడ్చి ఈ నేల కొనుక్కుంది. వచ్చే వానాకాలానికల్లా ఈ తోటా, కోళ్ళూ తన కడుపు నింపాలి, పైగా కాస్త సంతలో అమ్ముకునేలా ఉండాలి. లేకపోతే అమ్మేసి మళ్ళీ ఆ వెనక గదికే పోవాలి. ఈ సంగతి మొదటి రోజే నాతో చెప్పేసి, చివర్న ఇంకోటి కూడా చెప్పింది. "ఒక్క మాట అన్నా. నాకెవరి సాయమూ వద్దు. ఏమనుకోకు."

అనుకోలేదు. సాయంత్రం వంకాయ కూర పట్టుకెళ్ళాను. మర్నాడు పొద్దున్న కడిగిన గిన్నె, అందులో ఒక జామ్ సీసా మా గుమ్మంలో ఉన్నాయి. మా ఆయన గడ్డి కోయించి పెడతానంటే, వద్దని తనే కత్తి పట్టుకుని మనిషెత్తు గడ్డిలోకి దిగింది. అడుగు నేల బాగుచేసేలోపు వెనకాల మళ్ళీ మొలిచేది. అయినా నెల తిరిగేసరికి కొంత నేల బయటపడేసి, మడులు తవ్వింది.

ఆ మడులు చూసి తీరాలి. ఎండ దేశం మనిషి కదా, పోసిన నీళ్ళు పక్కకి పోకుండా మడి మడినీ గుంటలా, మోకాల్లోతు తవ్వింది. మా ఊళ్ళో నీళ్ళు పోవడానికి దారి చూపిస్తాం, పట్టి ఉంచం. చెప్పబోయాను. "నేను చూసుకుంటాలే అన్నా," అంది.

మొదటి వాన రాత్రంతా కురిసింది. పొద్దున్న వెళ్ళేసరికి మడుల్లేవు, వరసగా చెరువులున్నాయి. టమాటా నారు తేలుతోంది. కప్పలు అప్పుడే కాపురాలు పెట్టేశాయి. కొరలీ మోకాళ్ళ దాకా వచ్చే గంబూట్లు వేసుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఏడవలేదు గానీ, ఏడిస్తేనే బాగుండేదనిపించింది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు నెవిల్. టోపీ తీశాడు. ఆకాశం వంక చూశాడు. ఈ మనిషికి సమయం సందర్భం లేదా అనుకున్నాను.

"కొరలీ, ఒక చిన్న సంగతి. మిల్లు నించి నాకో లారీడు మడ్డి వస్తోంది. మా ఇంటి దగ్గర పోసుకోడానికి చోటు లేదు. ఈ గుంటల పక్కన కాస్త చోటు ఎరువిస్తావా?"

ఎరువంటే ఏమిటో కొరలీకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె ఆయన్ని కింది నించి పైదాకా చూసింది. అంతా మునిగిపోయిన రోజున తన దగ్గరికొచ్చి అడిగిన మొదటి మనిషి. నాకు అర్థం కానిదేమిటంటే, ఆమె ముఖంలోకి కాస్త ప్రాణం వచ్చింది. "ఎన్నాళ్ళు?" అంది.

"ఒక్క వారమే."

వారం నెలైంది. చెరకు రసం వడగట్టగా మిగిలిన ఆ నల్ల మడ్డి కొరలీ దారికి అడ్డంగా కొండలా కూర్చుంది. నెవిల్‌ని అడిగితే, రేపు రేపు అనేవాడు. చివరికి విసిగి, కొరలీ తనే పార పట్టుకుని దాన్ని ఆ గుంటల్లోకి తోసి తోసి, గుంటలు నిండి, పైకి లేచి, మోకాలెత్తు మెట్టలయ్యేదాకా వదల్లేదు. నెవిల్ వచ్చి చూసి, "అయ్యో, నా మడ్డి," అని కాసేపు విచారించాడు. ఇప్పుడు ఎత్తడం కష్టమని, పోనీలే అని వెళ్ళిపోయాడు. కొరలీ ఆ మెట్టల మీద బొప్పాయి మొక్కలు నాటింది.

తర్వాత ట్రాక్టరు వచ్చింది. "నా ట్రాక్టరు పెట్టుకోడానికి నీ గడ్డిలో కాస్త చోటు ఎరువిస్తావా? ఒక్క వారమే," అన్నాడుట. కొరలీ ఆ ట్రాక్టరు కోసం బట్టలు ఆరేసే తీగ కూడా విప్పి పక్కన కట్టుకుంది. తీరా చూస్తే, చెక్కలకి వల కొట్టిన ఒక పెద్ద పంజరం. అడుగు లేదు. లోపల ఎర్ర పెట్టలు, ఒక పుంజు.

"ఇదా ట్రాక్టరు?" అంది కొరలీ.

"దున్నుతుంది, ఎరువేస్తుంది, డీజిలు అడగదు. ఇంకేం పేరు పెట్టను?" అన్నాడు.

ఇచ్చిన మాట తప్పే రకం కాదు కాబట్టి ఉండనిచ్చింది. రోజూ పొద్దున్నే నెవిల్ వచ్చి, ఆ పంజరం ఒక కొస పట్టుకుని, దాని వెడల్పంత మేర ముందుకి లాగేవాడు. మోకాలు నొప్పిట, లాగేటప్పుడు పళ్ళు బిగబట్టేవాడు. అంత నొప్పి పడుతూ తన కోళ్ళని పక్కవాళ్ళ గడ్డి మీద మేపుకోవడం చూసి, ఇంత కక్కుర్తి మనిషి ఉంటాడా అని నేను మా ఆయనతో అన్నాను. కోళ్ళు మాత్రం నిజంగానే దున్నాయి. పంజరం జరిగిన చోటల్లా గడ్డి వేళ్ళతో సహా పోయి, పురుగూ పుట్రా పోయి, నేల కెలికి కెలికి వదిలిన మెత్తటి నల్లమట్టి మిగిలేది.

"ముందు ఆ మూల అన్నాడు, ఇప్పుడు ఈ మూల అంటున్నాడు," అని కొరలీ నా దగ్గర చిందులు తొక్కింది. "నా పచ్చగడ్డంతా పాడుచేశాడు అన్నా. చూడలేక అక్కడ చిలగడదుంప తీగలు గుచ్చాను." ఆ తీగలు పది రోజుల్లో నేల కనపడకుండా పాకాయి. తర్వాత పాడైన చోట కర్రపెండలం పెట్టింది, ఆ తర్వాత పాడైన చోట బొబ్బర్లు, ఆ పక్కన నా బలవంతం మీద కంది, గోంగూర. ఇక్కడివాళ్ళు గోంగూరని కాయల కోసం పెంచి, వాటి మీది ఎర్ర తొడుగులతో జామ్ చేసి, ఆకు పారేస్తారు. ఆ ఆకు నేను కోసుకుంటానన్నందుకు, దీన్ని తింటారా అని నన్ను జాలిగా చూసింది. పచ్చడి చేసి పంపాక మాత్రం ఆకు లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది.

కొరలీవంటూ రెండే పెట్టలుండేవి. అందులో ఒకటి పొదుగుకొచ్చి, గుడ్లు లేకపోయినా గూడు వదలకుండా కూర్చుంది. ఆ కబురు నెవిల్ చెవిన ఎలా పడిందో, వెంటనే ఆకాశం వంక చూశాడు. తన దగ్గర గుడ్లున్నాయి గానీ పొదిగే పెట్ట లేదుట. కొరలీ పెట్టని ఎరువిమ్మన్నాడు. చోటు మారిస్తే అది గుడ్ల మీదనించి లేచిపోతుంది కాబట్టి, ఇక్కడే పొదగనివ్వమన్నాడు. "ఊరికే వద్దులే. పెట్ట ఎవరిదైతే పిల్లల్లో సగం వాళ్ళవి. ఈ రోడ్డు రివాజు. కావాలంటే అన్నని అడుగు," అన్నాడు.

ఆ రివాజు పేరు కూడా నేనెప్పుడూ వినలేదు. కానీ ఇద్దరూ నా వంకే చూస్తుంటే తల ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలీదు.

పిల్లలు ఎదిగి, పుంజేదో పెట్టేదో తెలిసేదాకా ఆగి, అప్పుడు పంచుకున్నారు. పుంజులన్నీ తనకి కావాలని పట్టుబట్టాడు నెవిల్. పెట్టలు కొరలీకి అంటగట్టాడు. పుంజు కూత వినకపోతే నిద్ర లేవలేడుట. గుడ్డు పెట్టని పుంజుల్ని గంపెడు పట్టుకుని, మహా లాభం కొట్టేసినవాడిలా కుంటుకుంటూ పోయాడు. ఇంత తెలివితక్కువవాడిని ఎక్కడా చూడలేదని కొరలీ, నేనూ తెగ నవ్వుకున్నాం.

ఎండాకాలం అయిపోవచ్చేసరికి కొరలీ తోట చూడ్డానికి రోడ్డు మీద కార్లు ఆగేవి. బొప్పాయిలు విరగకాశాయి. రోజూ గుడ్లు బుట్టకి ఎత్తుతోంది. శనివారం సంతలో మొదటిసారి బల్ల పెట్టడానికి పేరిచ్చింది. అక్కకి ఫోన్ చేసి, ఎవరి సాయమూ లేకుండా నిలబడ్డానని చెప్పింది. చెబుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ గొంతులో గర్వం విని నాకు కడుపు నిండింది.

సంతకి ముందు రోజు సాయంత్రం నెవిల్ వచ్చి కొరలీ ఒంటిచక్రం బండి అడిగి పట్టుకెళ్ళాడు. తెల్లారకముందే తెచ్చిస్తానన్నాడు. తెల్లారింది. బండి రాలేదు. కొరలీ చిలగడదుంపలు బుట్టల్లో, బొప్పాయిలు ఒళ్ళో, గుడ్లు చేతుల్లో పెట్టుకుని, తోటకీ కారుకీ మధ్య బురదలో ఎన్నిసార్లు తిరిగిందో. నేను చెయ్యి వేయబోతే వద్దంది. చేతిలోని గుడ్ల బుట్ట జారి, గుడ్లన్నీ పగిలాయి. అప్పుడొచ్చాడు నెవిల్, ఆ బండి తోసుకుంటూ.

"నీకంటూ ఒక్కటైనా ఉందా నెవిల్?" అంది కొరలీ. గొంతు పెంచలేదు. "ఏమీ లేనిదాన్ని నేను. నా దగ్గర అడుక్కోడానికి నీకు సిగ్గనిపించదా?"

"అనిపించదు," అన్నాడు నెవిల్, ఉన్నమాటే చెప్పాడు.

"ఇంక ఈ గేటు దాటి రావద్దు."

నెవిల్ టోపీ పెట్టుకున్నాడు. ఈసారి ఆకాశం వంక చూడలేదు. ఆ పూటే పంజరం ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. వెనకనించి చూస్తే నాకు జాలేసింది గానీ, కొరలీదే న్యాయమనిపించింది. సంతలో ఆమె బల్ల మధ్యాహ్నానికల్లా ఖాళీ అయింది. ఆమె ముఖంలో మాత్రం ఆ సంతోషం కనపడలేదు.

కొన్నాళ్ళకి నెవిల్ మోకాలి ఆపరేషన్‌కి టౌన్స్‌విల్ వెళ్తూ నా దగ్గరికొచ్చాడు. కోళ్ళకి మేత వెయ్యమన్నాడు. "గింజల డబ్బా వరండాలో ఉంది. షెడ్డులోకి వెళ్ళక్కర్లేదు," అన్నాడు. గేటు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, షెడ్డులోకి వెళ్ళక్కర్లేదని మళ్ళీ చెప్పాడు.

నాకు నడుం నొప్పి కాబట్టి కొరలీని కూడా రమ్మన్నాను. కోళ్ళేం పాపం చేశాయిలే అని వచ్చింది. ఇన్నేళ్ళలో నెవిలే అందరిళ్ళకీ వచ్చేవాడు గానీ, ఆయన ఇంటి వెనక్కి నేనెప్పుడూ వెళ్ళలేదు. చోటు లేదన్న మనిషి ఇల్లు అది. కంచె నించి కంచె దాకా గుండెలెత్తు గడ్డి. తోటన్న మాటే లేదు. వంటింటి వెనకాల ఒక ముసలి బొప్పాయి చెట్టు, దాని కింద బండలా గట్టిపడ్డ నేల. కోళ్ళన్నీ గూట్లోనే ఉన్నాయి, ఆ నేల మీద ఒక్క కోడి కెలికిన గుర్తు లేదు.

కొరలీ ఆ గడ్డి వంక చాలాసేపు చూసింది.

మూడో రోజుకి వరండాలో డబ్బా ఖాళీ అయింది. షెడ్డు తలుపుకి తాళం ఊరికే తగిలించి ఉంది. తీశాం.

లోపల గోడ పొడుగునా పారలు వేలాడుతున్నాయి, నూనె రాసి. నిచ్చెనలున్నాయి. బకెట్లు ఒకదాంట్లో ఒకటి దొంతరగా ఉన్నాయి. కొత్త గడ్డికోసే మిషను ఉంది. పైన అరలో, అట్టపెట్టెలో, కుక్కరు. మూత తీసి చూశాను. దానికి రబ్బరు లేదు. ఆ రబ్బరు మా వంటింట్లో ఉంది, నా కుక్కరుకి. మూలన ఒంటిచక్రం బండ్లు రెండున్నాయి. అందులో ఒకదానికి టైరు లేదు.

కొరలీ ఆ బండి దగ్గరే నిలబడిపోయింది. "నా బండి టైరుకి గాలి నిలిచేది కాదు," అంది. "సంత రోజు నించీ నిలుస్తోంది. నేను ఎందుకని చూసుకోలేదు."

ఒక బకెట్టు తిరగేసుకుని కూర్చుంది. బకెట్లకి కరువు లేదు కాబట్టి నేనూ ఒకటి తిరగేసుకున్నాను. ఆ బండి వంకే చూస్తూ అంది, "అక్కకి అబద్ధం చెప్పానన్నమాట. ఎవరి సాయమూ లేకుండా నిలబడ్డానని. అన్నా, నేను వెళ్ళిపోతాను. ఇది నా తోట కాదు."

నాకు భయం వేసింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఇంత పచ్చటి తోట వదిలేసి ఆ వెనక గదికి పోతుంది. ఏం చెప్పాలో తెలీక, అడగడం మొదలుపెట్టాను.

"సాయం చేస్తానని నెవిల్ ఎప్పుడైనా అన్నాడా?"

"అనలేదు."

"ఏమన్నాడు?"

"ఇమ్మన్నాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను. తిట్టుకుంటూ ఇచ్చాను."

"మరింకేం? ఏమీ లేని రోజున కూడా చోటిచ్చావు, గడ్డిచ్చావు, పెట్టనిచ్చావు, బండిచ్చావు. మడ్డి ఎత్తింది నువ్వు, తీగ గుచ్చింది నువ్వు. ఇచ్చేవాళ్ళకే నేల పండింది. మీ అక్కకి చెప్పిందాంట్లో అబద్ధం ఎక్కడుంది?"

కొరలీ నా వంక చూసింది. బండి వంక చూసింది. "పుంజులన్నీ తీసుకున్నాడు అన్నా," అంది. "కూత కావాలిట." ఆ మాటకి తనకే నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక ఇద్దరికీ ఆగలేదు. బయట ఆ పుంజులు కూడా అందుకుని కూశాయి. వేరని ఎవరన్నారు అని ఆ రోజు నెవిల్ నన్నెందుకు అడిగాడో, ఆ బకెట్టు మీద కూర్చున్నప్పుడు నాకర్థమైంది.

లేచి బకెట్లు ఎలా ఉన్నవి అలాగే పెట్టేశాం. కొరలీ నేల మీది మా గంబూట్ల అచ్చులు కూడా చెరిపేసింది. "మనం ఇక్కడికి రాలేదు," అంది.

నెవిల్ చేతికర్రతో ఇల్లు చేరిన మర్నాడు, పొద్దున్నే కొరలీ ఆయన గేటు దగ్గరికి వెళ్ళింది. ఏం జరుగుతుందో చూడాలని నేను గోంగూర ఆకు వంక పెట్టుకుని వెనకే వెళ్ళాను. కొరలీ టోపీ తీసింది. ఆకాశం వంక చూసింది, నెవిల్ కంటే ఎక్కువసేపు.

"నెవిల్, ఒక చిన్న సంగతి. నా కోళ్ళు పెరిగిపోయాయి, మేతకి గడ్డి లేదు. నీ గడ్డి కాస్త ఎరువిస్తావా?"

నెవిల్ ఆమె వంక చూశాడు. మెల్లగా తల తిప్పి షెడ్డు వంక చూశాడు. తాళం ఎప్పటిలాగే తగిలించి ఉంది. మళ్ళీ ఆమె వంక చూశాడు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"ఒక్క వారమే. నా దగ్గర ట్రాక్టరు కూడా లేదు. నీది ఎరువివ్వాలి."

వానలు మొదలయ్యాయి. వారం ఎప్పుడో దాటిపోయింది. కొరలీ ఎక్కడికీ పోలేదు. మొన్న పొద్దున్న నెవిల్ కర్ర లేకుండా నడిచి మా గేటు దగ్గరికొచ్చి, ముఖం చిట్లించుకుని నిలబడ్డాడు.

"ఆ కొరలీతో వేగలేకపోతున్నాను అన్నా. ముందు ఆ మూల అంది, ఇప్పుడు ఈ మూల అంటోంది. నా గడ్డంతా పాడుచేసింది. చిలగడదుంప తీగలు పెట్టుకోడానికి చోటు లేదుట, తెచ్చి మా పెరట్లో గుచ్చింది. తర్వాత కంది అంది. నిన్న బొప్పాయి మొక్కలు. అయిదెకరాలున్న మనిషికి చోటు లేకపోవడమేంటి? ఆవిడకంటూ ఏమీ లేదా?"

"అంత బాధైతే ఇవ్వకపోతే పోలా?" అన్నాను.

"ఎలా ఇవ్వను? ఆకాశం వంక చూస్తుంది," అన్నాడు.

తర్వాత ఆయన టోపీ తీసి, తనూ పైకి చూశాడు. నేను లోపలికెళ్ళి, ఏం కావాలని అడక్కుండానే కుక్కరు తెచ్చి ఇచ్చాను. రెండ్రోజులుగా దాని రబ్బరు మళ్ళీ వదులైంది.